అమ్మాయి ఒక్కతే, కమిటీలు రెండు

(సావిత్రిబాయి ఫూలే వర్ధంతి సందర్భంగా 2025 మార్చి 10 సాయంత్రం జంషెడ్‌పూర్‌లోని ఒక తెలుగు బస్తీలో కాలేజీ విద్యార్థినులు, వారి తల్లిదండ్రులతో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం.)



రాత్రి పదికి సీ షిఫ్టుకి వెళ్ళాల్సిన అన్నలు, మావయ్యలు ముందు వరసలో కూర్చున్నారు. పొయ్యి మీద వంట వదిలేసి వచ్చిన అక్కలు కూడా ఉన్నారు. అందుకని ఎక్కువసేపు తీసుకోను. కానీ చెప్పాల్సింది మాత్రం దాచుకోకుండా చెబుతాను.

ఈ రోజు సావిత్రిబాయి వర్ధంతి. 1897లో పూణేలో ప్లేగు వచ్చినప్పుడు రోగులకు సేవ చేస్తూ, ఆ రోగమే సోకి ఆ తల్లి ఇదే రోజున కన్నుమూసింది. 1848లో ఆడపిల్లలకు బడి పెట్టిందని, దారిలో ఆమె మీద పేడ విసిరారని, అందుకే బడికి మారు చీర తీసుకెళ్ళేదని మనందరికీ తెలుసు. కానీ ఇంకో సంగతి తక్కువగా చెప్పుకుంటాం. 1863లో ఆ దంపతులు తమ ఇంట్లోనే ఒక ఆశ్రయం తెరిచారు. ఇంట్లోని మగవాళ్ళ చేతుల్లో చెడి, గర్భం దాల్చి, బావిలో దూకడం తప్ప దారి లేని బ్రాహ్మణ వితంతువుల కోసం. "నువ్వేం చేశావు?" అని ఆమె వాళ్ళని అడగలేదు. ముందు తలుపు తెరిచింది. చదువు చెప్పడం, తలుపు తెరవడం ఆమెకి వేరువేరు పనులు కావు. నేను ఈ రోజు మాట్లాడబోయేది ఆ రెండో పని గురించి.

ముందు నా సంగతి చెప్పి మొదలుపెడతాను. ఎందుకంటే ఇంతకాలం నేనూ దాచాను.

మా తాత శ్రీకాకుళం జిల్లా నుంచి టాటా కంపెనీలో పనికని ఇక్కడికి వచ్చాడు. మాది మాల కులం. నేను పుట్టింది బర్మామైన్స్‌లో. మా నాన్న ఠేకేదారు కింద పనిచేసేవాడు. బస్తీలో మా వరసలో కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్లని నేనే. 1999లో బీఎస్సీ రెండో సంవత్సరం. అప్పటికింకా ఇది బీహారే. మా ప్రాక్టికల్ మార్కులు వేసే మాస్టారు ఒకాయన ల్యాబులో నా వెనక నిలబడేవాడు. మొదట భుజం మీద చెయ్యి, తర్వాత నడుం మీద. నేను చెయ్యి తోసేసిన రోజున ఆయన హిందీలో ఒక మాటన్నాడు. మీ వాళ్ళకి కూడా పరువు ఉంటుందా, అన్నాడు. నా ఇంటిపేరు, మా బస్తీ పేరు, మా నాన్న చేసే పని ఆయనకి తెలుసు. ఆ ముట్టుకోవడం ఎంతో, ఆ మాట అంతే. రెండూ కలిసి వచ్చాయి.

రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు. తర్వాత అమ్మకి చెప్పాను. అమ్మ నాన్నకి చెప్పింది. నాన్న ఒక పూట కూలి వదులుకుని కాలేజీకి వచ్చాడు. ప్రిన్సిపాల్ గదిలో మమ్మల్ని నిలబెట్టి మాట్లాడారు. సమ్ఝౌతా చేసుకోండి, పిల్ల పెళ్ళి కావాలి కదా, అన్నారు. ఒక కాగితం ముందు పెట్టారు. అందులో హిందీలో ఏం రాసుందో నాన్నకి తెలీదు. నేను చదివాను. పొరపాటుగా అర్థం చేసుకోవడం వల్ల ఫిర్యాదు చేశాం, ఇక మాకేమీ అభ్యంతరం లేదు అని ఉంది. నాన్న వేలిముద్ర వేశాడు. నేను సంతకం పెట్టాను. ఆ ఏడు పరీక్షలు రాయలేదు. మరుసటి ఏడు బీఏలో చేరాను. సైన్సు వదిలేశాను.

ఆ రోజుకి విశాఖ తీర్పు వచ్చి రెండేళ్ళు. 1997 ఆగస్టు 13న సుప్రీంకోర్టు, పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపులపై ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలని చెప్పింది. ఆ తీర్పు వెనక ఉన్నది ఎవరు? రాజస్థాన్‌లో కుమ్మరి కులానికి చెందిన భన్వరీ దేవి. బాల్యవివాహాలు ఆపడం ఆమె చేసే ప్రభుత్వ పని. ఆ పని చేసినందుకు 1992లో పైకులం మగవాళ్ళు ఆమె మీద సామూహిక అత్యాచారం చేశారు. 1995లో కింది కోర్టు ఆ నేరం నుంచి వాళ్ళని వదిలేసింది. ఈ దేశంలో ఆఫీసుల్లో, కాలేజీల్లో పనిచేసే ఆడవాళ్ళందరికీ రక్షణ తెచ్చింది ఒక బహుజన స్త్రీ. ఆమెకి మాత్రం న్యాయం దక్కలేదు. ఆమె తెచ్చిన హక్కు మా కాలేజీ దాకా రాలేదు. వచ్చి ఉంటే మా నాన్న వేలిముద్ర ఆ కాగితం మీద పడేది కాదు.

ఇప్పుడు నేను బడిలో టీచర్ని. ఆరేళ్ళుగా కొన్ని కాలేజీల అంతర్గత ఫిర్యాదుల కమిటీల్లో బయటి సభ్యురాలిగా కూర్చుంటున్నాను. ఆ కేసుల గురించి ఒక్క ముక్క చెప్పను. 2013 చట్టం ఒప్పుకోదు, నా మనసూ ఒప్పుకోదు. ఆ బల్లకి అటు నిలబడినదాన్ని, ఇటు కూర్చున్నదాన్ని కాబట్టి నాకు తెలిసొచ్చింది చెబుతాను.

మొదటిది. మన పిల్లకి జరిగేది ఒక్కటే, కాలేజీ మాత్రం దాన్ని రెండు ముక్కలు చేస్తుంది. లైంగిక వేధింపు అయితే ఒక కమిటీ. కుల వివక్ష అయితే ఇంకో అధికారి. "నీ కులం వాళ్ళకి ఇదేం కొత్త కాదుగా" అంటూ చెయ్యి వేసినవాడి మీద ఫిర్యాదు ఎక్కడికి వెళ్ళాలి? ఇటు వెళితే కులం మాట మాకు సంబంధం లేదంటారు. అటు వెళితే ఆడపిల్లల విషయం మా పరిధి కాదంటారు. ఆ అమ్మాయి ఒక్కతే కదా. ఆమెని నడిమికి కోసి సగం ఇక్కడ, సగం అక్కడ ఇస్తామా?

ఇది నేను పుట్టించిన బాధ కాదు. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ముందు ఇదే నిలబడింది. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన, చూపు లేని ఒక దళిత యువతి మీద జరిగిన అత్యాచారం కేసు అది. ఆడది, దళితురాలు, చూపు లేనిది. ఈ మూడూ కలిసినప్పుడు వచ్చే దెబ్బను విడివిడిగా చూడకూడదని న్యాయమూర్తి చంద్రచూడ్ ధర్మాసనం వివరంగా రాసింది. అత్యాచారానికి యావజ్జీవ శిక్షను ఖాయం చేసింది. కానీ ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పడిన శిక్షను మాత్రం కొట్టేసింది. ఎందుకు? నేరం జరిగిన నాటి చట్టం ప్రకారం, ఆమె దళితురాలు అన్న కారణం మీదే నేరం చేశాడని రుజువు చెయ్యాలి. ఆ సాక్ష్యం ఫైల్లో లేదు.

ఇందులో మనకి పాఠం ఉంది. 2016 జనవరి 26 నుంచి సవరించిన చట్టం అమల్లోకి వచ్చింది. ఇప్పుడు "ఆమె ఎస్సీ అనో, ఎస్టీ అనో తెలిసి" నేరం చేస్తే చాలు. నిందితుడికి ఆమెతోనో, ఆమె కుటుంబంతోనో ముందే పరిచయం ఉంటే, కులం అతనికి తెలుసనే కోర్టు అనుకుంటుంది. తెలీదని రుజువు చేసుకోవాల్సింది అతనే. కాబట్టి చెల్లీ, ఫిర్యాదు రాసేటప్పుడు మొదటి కాగితంలోనే నీ కులం రాయి. అతనికి ఎలా తెలుసో రాయి. స్కాలర్‌షిప్ ఫారం మీద సంతకం పెట్టింది ఆయనేనా? క్లాసులో కేటగిరీ పేరు పెట్టి పిలిచాడా? మీ నాన్న పని గురించి అడిగాడా? అది రాయి. "కులం సంగతి తర్వాత చూద్దాం, ముందు ఇది తేలనీ" అని ఎవరైనా అంటే వినకు. తర్వాత చేరిస్తే, కల్పించి చేర్చావని అంటారు.

రెండోది, మన తెలుగువాళ్ళ ప్రత్యేక చిక్కు. ఇక్కడ కూర్చున్న చాలామందికి ఇది తెలిసిన నొప్పే. ఊళ్ళో మనం ఎస్సీలం. రైలు దిగాక ఇక్కడి జాబితాలో లేం. మాల, మాదిగ, రెల్లి పేర్లు జార్ఖండ్ ఎస్సీ జాబితాలో కనిపించవు. రాజ్యాంగం 341వ అధికరణం ప్రకారం జాబితా రాష్ట్రానికొకటి. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ఆంధ్రలో ఎస్టీగా గుర్తింపు ఉన్న కుటుంబం తండ్రి ఉద్యోగం కోసం బొంబాయి వెళ్ళింది. అక్కడ ఆ అబ్బాయికి మెడికల్ సీటులో రిజర్వేషన్ వర్తించదంది. సర్టిఫికెట్ సరిహద్దు దాటదు. అవమానం మాత్రం టికెట్ లేకుండా మనతోనే రైలెక్కి వస్తుంది.

మరి అత్యాచారాల నిరోధక చట్టం కూడా సరిహద్దు దగ్గరే ఆగిపోతుందా? 2023లో బొంబాయి హైకోర్టులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఆగదు అని చెప్పింది. ఒక రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ అయినవాళ్ళకి దేశంలో ఎక్కడ ఉన్నా ఈ చట్టం రక్షణ ఉంటుందని తీర్పిచ్చింది. రిజర్వేషన్ వేరు, నేరం నుంచి రక్షణ వేరు. అది మన హైకోర్టు కాదు కాబట్టి ఇక్కడి పోలీసు వెంటనే తల ఊపకపోవచ్చు. కానీ వాదించడానికి అది గట్టి ఆధారం. అందుకే ఒక పని చెయ్యండి. ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు పిల్లలకి అక్కడి కుల ధృవీకరణ పత్రం తీయించండి. రిజర్వేషన్‌కి పనికిరాదు కదా అని వదిలెయ్యకండి. అవసరం పడిన రోజున వెతుక్కుంటే దొరకదు.

కులం కాగితం మీద కూడా వాళ్ళే తీర్పు చెబుతారని రోహిత్ మనకి చూపించాడు. 2015లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థుల్ని హాస్టల్ నుంచి వెలివేశారు. వాళ్ళు క్యాంపస్‌లో వెలివాడ కట్టుకుని కూర్చున్నారు. 2016 జనవరి 17న రోహిత్ వేముల వెళ్ళిపోయాడు. ఎనిమిదేళ్ళ తర్వాత, 2024 మేలో, పోలీసులు కేసు మూసేస్తూ ఇచ్చిన నివేదికలో రోహిత్ దళితుడే కాదన్నారు. జనం నిలదీస్తే మళ్ళీ విచారిస్తామన్నారు. బతికున్నప్పుడు దళితుడని వెలివేశారు. చనిపోయాక దళితుడు కాదని కేసు కొట్టేశారు.

మూడోది. కమిటీ ఉండటం వేరు, నమ్మదగ్గ కమిటీ ఉండటం వేరు. 2015 యూజీసీ నిబంధనలు ఏం చెబుతున్నాయో వినండి. మీ కాలేజీలో ఉన్నదాంతో పోల్చి చూసుకోండి. కమిటీకి అధ్యక్షురాలు సీనియర్ మహిళా అధ్యాపకురాలు కావాలి. ఇద్దరు అధ్యాపకులు, ఇద్దరు బోధనేతర సిబ్బంది ఉండాలి. బయటి నుంచి ఒకరు ఉండాలి. విషయం విద్యార్థులదైతే ముగ్గురు విద్యార్థులు ఉండాలి, వాళ్ళు ఎన్నికై రావాలి. మొత్తంలో సగానికి తగ్గకుండా ఆడవాళ్ళు ఉండాలి. వైస్ ఛాన్సలర్, రిజిస్ట్రార్, డీన్, విభాగాధిపతి లాంటి అధికారులు ఇందులో కూర్చోకూడదు. సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు అందరికీ కనబడే చోట పెట్టాలి.

రేపు కాలేజీకి వెళ్ళి నోటీసు బోర్డు చూడండి. పేర్లు ఉన్నాయా? ఉన్నవాళ్ళు ఇంకా ఆ కాలేజీలోనే పనిచేస్తున్నారా? విద్యార్థి సభ్యులు ఎవరు, ఎప్పుడు ఎన్నికయ్యారు? లేకపోతే పదిమంది సంతకాలతో ప్రిన్సిపాల్‌కి ఒక కాగితం ఇవ్వండి. ఏ గొడవా లేని రోజునే అడగాలి. గొడవ వచ్చాక అడిగితే ఆలస్యమైపోతుంది. 2023 అక్టోబర్‌లో హైదరాబాద్ ఇఫ్లూలో ఏమైంది? కమిటీని మళ్ళీ సరిగ్గా వెయ్యండి అని విద్యార్థులు అడుగుతూనే ఉన్నారు. ఆ రోజుల్లోనే క్యాంపస్ లోపల ఒక విద్యార్థిని మీద లైంగిక దాడి జరిగింది. నిరసన చేసిన విద్యార్థుల మీదే కేసులు పెట్టారు.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. 2013 చట్టం ప్రకారం జిల్లాలో ఒక స్థానిక కమిటీ ఉండాలి. పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట్ల నుంచి, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళ నుంచి ఫిర్యాదులు వినడానికి. ఆ కమిటీలో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ లేదా మైనారిటీ వర్గాల నుంచి కనీసం ఒక మహిళ ఉండి తీరాలని చట్టమే రాసింది. కాలేజీ కమిటీకి మాత్రం ఆ షరతు పెట్టలేదు. జిల్లాలో అవసరమైంది కాలేజీలో ఎందుకు అవసరం లేదు? కాలేజీలో కులం ఉండదనా? బల్లకి అటువైపు ఆరేడుగురు ఒకే రకం ఇంటిపేర్లతో కూర్చుంటే, ఇటు నిలబడ్డ మన పిల్లకి నోట మాట రాదు. చట్టం అడగకపోయినా మనం అడగాలి. పెట్టకూడదని చట్టం ఎక్కడా చెప్పలేదు కదా.

ఆ జిల్లా కమిటీని కూడా మర్చిపోకండి. మీలో చాలామంది చిన్న కోచింగ్ సెంటర్లకి, ట్యూషన్లకి, కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లకి వెళుతున్నారు. అక్కడ ఏ కమిటీ ఉండదు. జిల్లాల్లో అధికారుల్ని నియమించి స్థానిక కమిటీలు వెయ్యమని సుప్రీంకోర్టు 2024 డిసెంబర్‌లో రాష్ట్రాలన్నిటికీ గడువులు పెట్టి ఆదేశించింది. మన తూర్పు సింగ్‌భూమ్‌ డీసీ ఆఫీసుకి వెళ్ళి ఆ కమిటీలో ఎవరున్నారో అడిగి రాసుకురండి. అది ఈ సభ చెయ్యాల్సిన పని.

ఇక వివక్ష సంగతి. 2012 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి ఉన్నత విద్యాసంస్థలో సమాన అవకాశాల విభాగం ఉండాలి. వివక్ష నిరోధక అధికారి ఉండాలి. ఫిర్యాదు మీద 60 రోజుల్లో తేల్చాలి. ఏది వివక్షో అందులో వివరంగా రాశారు. క్లాసులో కులం పేరుతో పిలవడం, రిజర్వేషన్ వాళ్ళు అని ముద్ర వెయ్యడం, ల్యాబులో పని ఇవ్వకుండా ఊరికే కూర్చోబెట్టడం, అధ్యాపకుల్ని కలవడానికి మనకో వేళ, మిగతావాళ్ళకో వేళ పెట్టడం, వేరుగా కూర్చోబెట్టడం. ఇవన్నీ జరిగినప్పుడు మనం ఏమంటాం? "ఆయన స్వభావమే అంత" అంటాం. కాదు. అవి నిబంధనలో పేరుపెట్టి రాసిన తప్పులు.

కాగితం మీద ఉన్నా నడవదు కాబట్టే ఇద్దరు తల్లులు సుప్రీంకోర్టుకి వెళ్ళారు. రోహిత్ తల్లి రాధిక, ముంబైలో 2019 మే 22న చనిపోయిన ఆదివాసీ డాక్టర్ పాయల్ తడ్వీ తల్లి ఆబేదా. 2019లో వేసిన ఆ పిటిషన్ మీద ఈ జనవరిలో కోర్టు యూజీసీని లెక్కలు అడిగింది. ఎన్ని సంస్థల్లో ఈ విభాగాలు ఉన్నాయి, ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి అని. గత నెలాఖరులో యూజీసీ కొత్త ముసాయిదా విడుదల చేసింది. అందులో తప్పుడు ఫిర్యాదు చేస్తే జరిమానా అని ఉంది. చదివి నాకు మా ప్రిన్సిపాల్ గది గుర్తొచ్చింది. ఫిర్యాదు చెయ్యడానికే భయపడే పిల్లని ముందే బెదిరించడం అది. లైంగిక వేధింపుల చట్టంలో కూడా తప్పుడు ఫిర్యాదుకి చర్య ఉంది. కానీ రుజువు చెయ్యలేకపోయినంత మాత్రాన అది తప్పుడు ఫిర్యాదు కాదని అందులో స్పష్టంగా రాశారు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. ఎవరైనా భయపెడితే ఈ మాట చెప్పండి.

ఇప్పుడు పిల్లలకి, చెయ్యాల్సిన పని చెబుతాను. రాసుకోండి.

జరిగిన రోజు రాత్రే రాయండి. తారీఖు, వేళ, చోటు, ఎవరెవరున్నారు, అన్న మాట ఏ భాషలో అన్నాడో అదే భాషలో. హిందీలో తిడితే హిందీలోనే రాయండి, మర్యాదగా మార్చకండి. మెసేజీలు తుడిచెయ్యకండి, స్క్రీన్‌షాట్ తీసి నమ్మకమైన ఇద్దరికి పంపండి. శారీరక దాడి జరిగితే స్నానం చెయ్యకముందే ఆసుపత్రికి వెళ్ళండి, బట్టలు ఉతక్కుండా కాగితం సంచిలో పెట్టండి. కేసు పెట్టినా పెట్టకపోయినా ఆసుపత్రి ఉచితంగా వైద్యం చెయ్యాల్సిందే.

అంతర్గత కమిటీకి మూడు నెలల లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు. రెండు కాపీలు తీసుకెళ్ళండి, ఒకదాని మీద అందినట్టు సంతకం, తారీఖు వేయించుకోండి. ఆ సంతకం లేని ఫిర్యాదు ఇచ్చినా ఇవ్వనట్టే. నువ్వు రాయలేని స్థితిలో ఉంటే స్నేహితురాలో, బంధువో రాసివ్వొచ్చు. విచారణ 90 రోజుల్లో పూర్తి కావాలి. ఈ లోపు అతను నీ పేపర్లు దిద్దకూడదని అడిగే హక్కు నీకుంది. నా ప్రాక్టికల్ మార్కులు ఆయన చేతిలో ఉన్నాయని నేను నోరు మూసుకున్నాను. ఆ మాట నాకెవరైనా చెప్పి ఉంటే సైన్సు వదిలేదాన్ని కాదు. మగపిల్లలకి, హిజ్రా, ట్రాన్స్ విద్యార్థులకి కూడా ఈ యూజీసీ నిబంధనలు వర్తిస్తాయి. వాళ్ళు సిగ్గుపడి ఆగిపోవద్దు.

కమిటీకి వెళ్ళడం అంటే పోలీసుల్ని వదులుకోవడం కాదు. రెండూ ఒకేసారి చెయ్యొచ్చు. ఎఫ్‌ఐఆర్ ఏ స్టేషన్లోనైనా ఇవ్వొచ్చు, మా పరిధి కాదని తిప్పి పంపకూడదు. అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు రాయడానికి ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 2018 సవరణ చెబుతోంది. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చెయ్యాలి. లాయరు ఖర్చుకి భయపడకండి. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు వస్తారు. నంబర్లు: పోలీసు 112, మహిళల సహాయం 181, ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాలకు 14566, ఉచిత న్యాయ సహాయం 15100, ర్యాగింగ్‌కి 1800-180-5522.

తల్లిదండ్రులకి ఒక్క మాట. మీ మీద నాకు కోపం లేదు. మా నాన్న మీదా లేదు. ఆయన భయపడింది నా కోసమే. కానీ పిల్ల చెప్పగానే మన నోట వచ్చే మొదటి మాట ఏంటి? "చున్నీ సరిగ్గా వేసుకున్నావా?" రెండో మాట? "కాలేజీ మానెయ్." మూడో మాట పెళ్ళి సంబంధం. తప్పు చేసినవాడు ఉద్యోగంలో ఉంటాడు, మన పిల్ల ఇంట్లో ఉంటుంది. అలాంటప్పుడు శిక్ష ఎవరికి పడినట్టు?

2022 అక్టోబర్‌లో ఈ ఊళ్ళోనే, సాక్చీలోని ఒక బాలికల బడిలో, తొమ్మిదో తరగతి పిల్లని కాపీ కొట్టిందన్న అనుమానంతో బట్టలు విప్పించి వెతికారు. ఆ పిల్ల ఇంటికొచ్చి ఒంటికి నిప్పంటించుకుంది. కొన్ని రోజులు ఆసుపత్రిలో ఉండి చనిపోయింది. టీచర్‌ని అరెస్టు చేశారు. ఆ బిడ్డ పేరు నేను చెప్పను. కానీ బడి నుంచి ఇంటికి నడిచిన ఆ దారిని రోజూ తలుచుకుంటాను. ఆ దారిలో ఒక్కరు ఆపి "ఏమైందమ్మా?" అని అడిగి ఉంటే అని. మీ పిల్ల ముఖం మాడ్చుకుని వస్తే మార్కుల గురించి అడక్కండి. పక్కన కూర్చోండి. చెప్పినప్పుడు ఒకటే అనండి. "నీ తప్పేం లేదు, నేనున్నాను." ఆ తర్వాత కాగితం, పెన్ను తెచ్చి పెట్టండి.

ఇంకొకటి. రాజీ కాగితం మీద సంతకం పెట్టకండి. 2016 మార్చిలో రాజస్థాన్‌లోని నోఖాలో, టీచర్ ట్రైనింగ్ చదివే 17 ఏళ్ళ దళిత అమ్మాయి చేత, వ్యాయామ ఉపాధ్యాయుడి చేత, ఇష్టపూర్వకంగానే జరిగిందన్నట్టు క్షమాపణ పత్రం రాయించారు. మర్నాడు ఆ అమ్మాయి శవం నీళ్ళ ట్యాంకులో తేలింది. 2021లో కోర్టు ఆ ఉపాధ్యాయుడికి యావజ్జీవ శిక్ష వేసింది, వార్డెన్‌కీ శిక్ష వేసింది. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్ల విషయంలో ఇష్టం అనే మాటే చట్టంలో లేదు. ఆ పత్రం రాయించినవాళ్ళకి అది తెలియదా? తెలుసు. వాళ్ళకి కావాల్సింది బడి పరువు. మీ ముందు కూడా ఎవరైనా అలాంటి కాగితం పెడితే, "ఇంటికి తీసుకెళ్ళి చదివించుకుని వస్తాను" అనండి. ఆ ఒక్క మాట చాలు. మా నాన్న అనలేకపోయిన మాట అది.

అన్నలకి, తమ్ముళ్ళకి కూడా చెప్పాలి. మన ఉద్యమంలో ఉన్న మగవాళ్ళు అందరూ మంచివాళ్ళే అని నేను చెప్పలేను. వేధించినవాడు మనవాడైతే? జై భీమ్ అన్నవాడైతే? అప్పుడు "ఉద్యమానికి మచ్చ వస్తుంది, ఊరుకో చెల్లీ" అంటారు. ఇది ప్రిన్సిపాల్ గదిలో విన్న మాటే. 1942లో నాగపూర్ మహిళల సభలో బాబాసాహెబ్, సమాజం ఎంత ముందుకొచ్చిందో తాను ఆడవాళ్ళ ప్రగతితోనే కొలుస్తానన్నారు. ఆ కొలత మన ఇంటికి, మన సంఘానికి కూడా పెట్టుకోవాలి. పెట్టుకోలేకపోతే పక్కవాడి కాలేజీని అడిగే నోరు మనకెక్కడిది?

ఈ సభ నుంచి లేచే ముందు మూడు పనులు పంచుకుందాం. ఒకటి, కాలేజీకి వెళ్ళే పిల్లలు తమ కాలేజీ కమిటీ పేర్లు, వివక్ష నిరోధక అధికారి పేరు కనుక్కుని వచ్చే ఆదివారం ఇక్కడికి తేవాలి. రెండు, పెద్దవాళ్ళు నలుగురు డీసీ ఆఫీసుకి వెళ్ళి జిల్లా కమిటీ సంగతి కనుక్కోవాలి. మూడు, ఏ పిల్ల ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్ళినా ఒంటరిగా వెళ్ళకూడదు. ఈ బస్తీ నుంచి ఇద్దరు ఆడవాళ్ళు తోడు వెళ్ళాలి. పేర్లు ఇప్పుడే రాసుకుందాం. మొదటి పేరు నాది రాయండి.

ఈ మాటలు తయారు చేసుకుంటున్నప్పుడు మా అమ్మకి వినిపించాను. ఆమెకి ఇప్పుడు డెబ్బై దాటాయి. అంతా విని, "ఆ రోజు నేనూ వచ్చుంటే బాగుండేదే" అంది. ఇరవై ఆరేళ్ళుగా మా అమ్మ ఆ మాట మనసులో మోస్తోంది. మీలో ఏ తల్లీ అలా మొయ్యకూడదు. అందుకే చెప్పాను.

జై సావిత్రి. జై భీమ్.